సాలు సగంలో

పత్తితీతకు వెళ్ళిన నన్ను ఆ సాయంత్రం మా కూలి ముఠా ఆడవాళ్ళు చేలోనే వదిలేసి ఆటోలో వెళ్ళిపోయారు. "నీ సాలులో మొక్కలన్నీ అయ్యేదాకా రోజూ మేం కాచుక్కూర్చోవాలా పెద్దమ్మా? రేపట్నించి రామాక" అన్నారు. ఈ వయసులో నన్ను ఇంకో ముఠా చేర్చుకోదు.

నేను ఎవరి ముందూ ఏడ్చే మనిషిని కాను. రోడ్డు దాకా నడిచి ఎక్కిన సత్తెనపల్లి బస్సులో మాత్రం, ముక్కూమొహం తెలియని పక్కసీటావిడతో, "కాయలో చిటికెడు పత్తి కూడా వదలకుండా తీస్తే తప్పా?" అని ఏడ్చాను. ఆమె నా చీరకంటుకున్న ఎండాకు తునకలు ఒక్కొక్కటే ఏరుతూ, "వాళ్ళకి ఇళ్ళకాడ చంటిపిల్లలున్నారా అమ్మా?" అంది.

మర్నాడు ఆటో దగ్గర నిలబడి, "పొద్దువాలితే సాలు సగంలో ఉన్నా వదిలేసి వస్తాను, ఎక్కనివ్వండి" అని బతిమాలాను. ఆటో కదలబోతుండగా ఒక పసిబిడ్డ తల్లి, సీటు మీదున్న తన అన్నం క్యారేజీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.