ఒడిబియ్యం కట్టుకుని బయల్దేరిన నేరేడు చెట్టు

ప్రయాణాలు చాలా చేశాను గానీ, చెట్టు తోడుగా వెళ్లడం ఇదే మొదలు. సాతంరాయిలో మా యాదమ్మక్క పొలం గట్టున ఉన్న అల్లనేరేడును మహేశ్వరం అవతల ఊరికి చేర్చాలి. పొలం ప్లాట్లకు పోయింది. ఆ వరసలోని చింతలు, వేపలు అప్పటికే కట్టెల అడితికి చేరాయి. ప్రతి ఎండాకాలం హైవే పక్కన ఈ పండ్లు అమ్మే అక్క కాపురం నెట్టుకొచ్చింది. అందుకే నరకనివ్వనని చెట్టు మొదట్లో పీట వేసుకుని కూర్చుంది. పొలం కొన్నాయన విసిగిపోయి, కావాలంటే బతికుండగానే పట్టుకుపొమ్మన్నాడు. క్రేను తనే ఇస్తాడట, పగలు పన్నెండు దాకా.

అక్కతో కలిసి ఒకప్పుడు పండ్లు అమ్మిన అండాలమ్మది ఆ ఊరే. వాళ్ల బస్సు ఆగే చోట గొడుగంత నీడైనా లేదు. ఆ చెట్టు మాకే కావాలని చెప్పి గుంత తవ్వించి ఉంచింది.

పొద్దున ఆరింటికి చెట్టు ట్రైలర్ ఎక్కింది. కొమ్మలన్నీ కొట్టేయడంతో మొక్కు చెల్లించి వచ్చిన బోడిగుండులా ఉంది. వేళ్ల చుట్టూ మట్టిగడ్డ, దాని మీద తడి గోనెపట్టా. ఎండ ముదిరేలోగా భూమిలోకి దిగకపోతే ఆ గడ్డ పగులుతుంది, చెట్టు దక్కదు. బండి కదిలే ముందు అక్క తన పట్టుచీర మొదలుకు చుట్టి, పసుపు కలిపిన బియ్యం రవికె గుడ్డలో మూటగట్టి దాని నడుముకు బిగించింది. అత్తారింటికి పోయే ఆడపిల్లకు పెట్టే ఒడిబియ్యం అది.

"పైలంగ పో బిడ్డా" అని చెట్టుతో చెప్పి, నా వైపు తిరిగి "తమ్మీ, నోరు జర అదుపుల వెట్టుకో" అంది.

డ్రైవర్ సలీమన్న నెమ్మదిగా పోనిచ్చాడు. ఇన్నేళ్లు ఇనుమే మోశాడట, పెళ్లికూతురిని మోయడం ఇదే మొదలట. వెనకాల క్రేను. నా పని వెదురు బొంగుతో కేబుల్ తీగలు పైకెత్తడం. నేనెత్తిన తీగలు ముడేస్తే బొంబాయి దాకా వస్తాయి, మిగిలినవి మళ్లీ సాతంరాయి దాకా సరిపోతాయి.

ఎనిమిదింటికి శంషాబాద్‌లో చాయ్ కోసం ఆగాం. పాల క్యాన్ల బండి మీద వచ్చినాయన చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగాడు.

"ఏడికన్నా గీ చెట్టు?"

ఎదురుగా విమానాశ్రయం బోర్డు. పైన విమానం. నా తప్పేముంది?

"దుబాయికి. ఆడ ఒక షేకు మన నేరేడు పండు తిని, ఇగ అన్నం ముడుతలేడంట."

"విమానంల వడుతదా?"

"అందుకే గుండు గొట్టించినం."

ఆయన తల ఊపి, ఫోను చెవికి పెట్టుకుని పక్కకెళ్లాడు. సలీమన్న నవ్వాపుకోలేక గ్లాసులో చాయ్ సగం ఒలకబోశాడు.

విమానాశ్రయం దారి మహా సొగసు. రోడ్డు మధ్య మొక్కలు బడిపిల్లల్లా వరసగా నిలబడి మా బోడిగుండును చూసి గుసగుసలాడాయి. కిందికి దిగుతున్న విమానంలోంచి పైలట్ చెట్టుకు చెయ్యి ఊపాడు. నేను చూశాను.

పదింటికి ఊరు చేరేసరికి గుంత లేదు. పాల క్యాన్లాయనది ఆ ఊరేనట! అండాలమ్మ తెప్పిస్తున్న చెట్టు ఇదేనని పోల్చుకుని "మన చెట్టు దుబాయి పోతున్నది" అని ఫోను చేసేశాడు. పిల్లలు పడతారని ఊళ్లోవాళ్లు వెంటనే ట్రాక్టరుతో మట్టి తోసి చదును చేశారు. ఆ ట్రాక్టరు కూడా ఇంకో ఊరికి పోయిందట. తవ్విన నలుగురూ మళ్లీ తవ్వేది లేదన్నారు. క్రేను డ్రైవర్ గడియారం చూసుకుంటున్నాడు. గోనెపట్టా అంచులు ఆరిపోతున్నాయి. నేను వెదురు బొంగు చాటుకు జరిగాను.

అప్పుడు అండాలమ్మ ట్రైలర్ దగ్గరికొచ్చి ఆ మూటను తడిమి చూసింది.

"ఒడిబియ్యం గట్టి దుబాయికి ఎవరన్న పంపుతరా? వాకిట్లకొచ్చిన ఆడిబిడ్డను నిలవెట్టి మాట్లాడుతున్నరా మీరు?"

ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పార వచ్చింది. పాల క్యాన్లాయన అందరికంటే ముందు దిగాడు, ఆయన పక్కనే నేను. మట్టి వదులుగానే ఉంది కానీ నా నడుము కాదు. క్రేను వెళ్లిపోవడానికి కాస్త ముందు చెట్టు గుంతలో నిలబడింది.

ఒడిబియ్యం వండితే ఇరుగుపొరుగును పిలిచి పెట్టాలి. అండాలమ్మ ఆ బియ్యానికి తన బియ్యం కలిపి వండించి, ఊరందరికీ పప్పుతో పెట్టింది. అందరూ తిన్నాక తీర్పు చెప్పింది.

"తిన్నోళ్లందరు దినాం ఇద్దరు లెక్కన నీళ్లు వొయ్యాలె."

రెండుసార్లు పెట్టించుకుని తిన్న నాకు మంగళవారం వచ్చింది.

ఒక్క చెట్టును మార్చితే అడవి తిరిగొచ్చిందని నేననను. అంత పెద్ద అబద్ధం నాకూ చేతకాదు. ఉన్నదాన్ని ఉన్నచోట వదిలేయడమే అన్నిటికంటే తేలిక, దానికి క్రేను అక్కర్లేదు. అది కుదరని చోట మాత్రం ముందు ఊరికి అన్నం పెట్టండి, తరవాత చెట్టు పెట్టండి.

మొన్నటి మంగళవారం అక్క కూడా వచ్చింది. మోడు నెత్తిన వేలెడంత ఎర్రటి చిగుళ్లు! అక్క వాటిని ముట్టుకోలేదు. కొంగుతో కళ్లు మాత్రం తుడుచుకుంది. సాయంత్రం నాలుగింటి బస్సులో తిరిగొస్తుంటే పక్క సీటు పెద్దావిడ ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది.

"మా బిడ్డ అత్తగారింటికి వొయ్యొస్తున్నం" అంది అక్క.

"మంచిగున్నదా బిడ్డ?"

"ఇప్పుడు మంచిగనే ఉన్నది. గుండు మీద జుట్టు మొలుస్తున్నది."

"అయ్యో, ఏమైందక్కా?"

నేను నోరు తెరవబోయాను. అక్క నా తొడ గిల్లి, ఆవిడ వైపు జరిగి, మహా నిదానంగా మొదలుపెట్టింది.

"ఏం జెప్పాలె చెల్లె, దుబాయి సంబంధమొకటి వచ్చింది..."

శంషాబాద్ వచ్చింది. ఆవిడ దిగాల్సిన చోటు దాటిపోయింది.