రాదని చెప్పిన పని

నాకు అనుమానం ఎక్కువ. నన్ను ఎరిగినవాళ్ళెవరినడిగినా ఈ మాటే చెబుతారు. కూరగాయల బండివాడు అడక్కుండా ఒక కొత్తిమీర కట్ట కొసరు వేస్తే, దాన్ని విప్పి లోపల కుళ్ళిన కాడలున్నాయేమో చూసేదాకా నా మనసు కుదుటపడదు. మాది నల్లజర్ల పక్కన మెట్ట ఊరు. పెళ్ళయి కొల్లేటి లంకకి కాపరానికి వచ్చాక తెలిసింది, వీళ్ళ ముందు నా అనుమానం ఏ మూలకీ చాలదని. ఇక్కడ కొత్త మనిషి గట్టు మీద కనబడితే "ఎవరింటికండీ? మంచినీళ్ళు తాగుతారా అండీ?" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ మనిషి ఏ ఆఫీసు నుంచి వచ్చాడో, ఎందుకొచ్చాడో రాబట్టేస్తారు.

వాళ్ళని తప్పు పట్టలేను. సరస్సు చుట్టూ ప్రభుత్వం గీసిన గీత ఒకటుంది, కాంటూరు అంటారు. ఆ గీత లోపల చేపల చెరువులు ఉండకూడదు. ఉండకూడదంటే లేవని కాదు. ఒకప్పుడు పొక్లెయిన్లు వచ్చి గట్లు తెంచేసి పోయాయి. పెంచిన చేపంతా కళ్ళముందే నీళ్ళల్లో కలిసిపోతుంటే ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు. అందుకని ఆఫీసు మనిషి "మీరేం పని చేస్తారు?" అని అడిగితే మా ఊళ్ళో ఎవరూ చేప మాట ఎత్తరు. మగవాళ్ళు "కూలి పనండీ" అంటారు. ఆడవాళ్ళు "ఇంట్లోనే ఉంటామండీ" అంటారు. ఒంటి మీది నీచువాసన పక్కింట్లోంచి వచ్చినట్టు మొహం పెడతారు.

నేను మాత్రం పెళ్ళయిన మరుసటి ఏడాది నుంచీ చేపల ప్యాకింగు షెడ్డులో పని చేస్తున్నాను. చెరువులో పట్టిన చేప నేరుగా షెడ్డుకి వస్తుంది. బొచ్చె ఒక పక్కకి, శీలావతి ఒక పక్కకి ఏరి, సైజుల వారీగా విడదీసి, ట్రేలో ఒక వరస ఐసు పొడి, ఒక వరస చేప, మళ్ళీ ఐసు పొడి పేర్చాలి. లారీ కదిలేదాకా చెయ్యి ఐసులోనే ఉంటుంది. చేప ఎప్పటిదో కన్ను చూసి, మొప్ప ఎత్తి, వీపు మీద వేలితో నొక్కి చెప్పేదాన్ని. ఇందులో గొప్పేమీ లేదు, మా షెడ్డులో ఆడవాళ్ళందరికీ తెలిసిన విద్యే.

బాధ వేరే ఉంది. కొన్ని చలికాలాలుగా నా వేళ్ళు తెల్లగా పాలిపోయి, సూదులు గుచ్చినట్టు పోటు పెడుతున్నాయి. ఏలూరులో డాక్టరుగారు చూసి, "ఇక ఐసు ముట్టుకోకండమ్మా, ముట్టుకుంటూ ఉంటే స్పర్శ పోతుంది" అన్నారు. ఆయనదేం పోయింది, చెప్పేశారు. ఐసు లేని పని ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ట్యాబులు పట్టుకుని ఇద్దరు ఊళ్ళోకి వచ్చారు. ప్రభుత్వం శిక్షణల పద్ధతి మార్చిందట. ఇదివరకు శిక్షణ అంటే తెలిసిందే. ఎవరికేం కావాలో అడక్కుండా కుట్టుమిషన్ల ముందు కూర్చోబెట్టి, ఫోటో తీసి, చప్పట్లు కొట్టి పంపేవారు. ఇప్పుడలా కాదట. ముందు ఇంటింటికీ తిరిగి ఏ మనిషికి ఏ పని వచ్చో రాసుకుంటారట. పని వచ్చినవాళ్ళకి ఒక్కరోజు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారట. రానివాళ్ళకి మొదటి నుంచీ నేర్పుతారట. వినడానికి బాగానే ఉంది. వినడానికి బాగున్న మాటని నేను ఇంకోసారి చెప్పించుకుని వింటాను.

"ఊరకరారు మహానుభావులు" అన్నారు మా బావగారు. మా ఆయనకి అన్నగారు. గీత లోపలి చెరువొకదాంట్లో ఆయనకి వాటా ఉంది, ఇంట్లో ఆయన మాటే మాట.

"షెడ్డులో చేస్తానని చెబుతానండీ బావగారూ. షెడ్డు గీతకి బయటే కదండీ" అన్నాను.

"షెడ్డు బయటే అమ్మాయ్. షెడ్డుకొచ్చే చేప ఎక్కడిదంటాడు. ఆ చెరువెవరిదంటాడు. ఇయ్యాల ట్యాబు అట్టుకొచ్చినోడు రేపు పొక్లెయినేసుకుని వత్తాడు."

మా ఆయన అన్నగారి మాటకి తలూపారు. అన్నగారి ముందు ఆయన ఎప్పుడూ అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరు ఊరంతా ఒకటే మాట మీద నిలబడింది. ట్యాబు పట్టుకున్న అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి "మీకేదైనా పని వచ్చాండీ?" అని అడిగితే, చేతులు పైట కిందికి లాక్కుని "ఏ పనీ రాదండీ" అన్నాను. ఆ అమ్మాయి నమ్మేసింది. నమ్మినందుకు కూడా నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు సంసారం ఈదిన ఆడదానికి ఏ పనీ రాదంటే ఎలా నమ్మిందో!

అక్కడితో పోతే ఈ గొడవే లేదు. తర్వాత కొన్నాళ్ళకి ఉంగుటూరు దగ్గర హైవే పక్కన ఒక కంపెనీవాళ్ళు చేపలు శుభ్రం చేసి పైదేశాలకి పంపే ఫ్యాక్టరీ పెట్టారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళనే తీసుకుంటారన్నారు. పని వచ్చినవాళ్ళు గ్రేడర్లు. వాళ్ళకి కుర్చీ, టేబులు. ముందుకొచ్చిన చేపని నొక్కి చూసి మంచిదైతే ఇటు, కాకపోతే అటు తొయ్యడమే పని. కొత్తవాళ్ళు హెల్పర్లు. వాళ్ళది ఐసు గది.

నా వేళ్ళు నాకు మిగలాలంటే ఆ కుర్చీ దొరకాలి. ఆ కుర్చీకి దారి ఒక్కరోజు పరీక్ష. పని రాదని చెప్పినదాన్ని గనక ఆ పరీక్షకి నన్ను పిలవలేదు. ఏలూరులో హెల్పరు కోర్సులో వేశారు, మూడు నెలలు. మా ఆయన రోజూ పొద్దున్నే మోటారుసైకిలు మీద ఆటోల దగ్గర దింపేవారు. కనీసం లోపలికంటూ పోతే ఎలాగోలా కుర్చీ దాకా పాకవచ్చని నా ఆశ.

వచ్చిన పనిని రానట్టు చెయ్యడం ఎంత కష్టమో ఆ క్లాసులో తెలిసింది. ట్రే ఎలా పట్టుకోవాలో చూపిస్తారు. ముందు తప్పుగా పట్టుకోవాలి. చేపని తలవైపు ఎత్తాలా తోకవైపు ఎత్తాలా అని అడిగితే ఆలోచిస్తున్నట్టు నుదురు ముడవాలి. చెయ్యి దానంతటది పరిగెత్తబోతుంటే వెనక్కి లాగాలి. మా ఊరివాళ్ళమే అరడజను మందిమి ఉన్నాం, అందరిదీ అదే నాటకం. నాది అందరికన్నా బాగా పండిందని నాకు గర్వంగా కూడా ఉండేది. ఒకరోజు చేప చేతిలోంచి జారి టపీమని కింద పడింది. మా ఊరావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "బలే చేశావే వదినా" అని గుసగుసలాడింది.

నేర్పే అమ్మాయి ఊరు అత్తిలి. చిన్న గొంతు, ప్రతి మాటకీ అండీ. ఆవిడ నన్ను చూసే చూపు నాకు నచ్చలేదు. అందరూ చేపని చూస్తుంటే ఆవిడ నా చేతుల్ని చూసేది. ఐసు పనిచేసే చేతులు దాచినా దాగవు, గోళ్ళ చుట్టూ చర్మం చీలి ఉంటుంది. బావగారి మాటలు గుర్తొచ్చేవి. ఈవిడని పంపింది శిక్షణ ఆఫీసా, చెరువుల లెక్క తీసే ఆఫీసా? హాజరు కోసం ఫోను మొహం ముందు పెడితే, మొహం ఒక్కటే తీస్తున్నారా, కింద చేతులు కూడా పడుతున్నాయా అని చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని.

క్లాసులో తాడేపల్లిగూడెం ఆవిడ ఒకామె ఉండేది. ఇలాంటి శిక్షణలు చాలా చూసినది. ఆవిడ చెప్పింది, "మనవే ఈళ్ళ పంటండీ. ఏవీ రానోళ్ళకి నేర్పి, ఉద్యోగంలో నిలబెడితేనే ఈళ్ళకి ప్రభుత్వం డబ్బులిచ్చేది. కొత్తగా మారింది లెండి" అని. అప్పటికి నా లెక్క కుదిరింది. నవ్వులూ అండీలూ అందుకన్నమాట.

కుదిరిన లెక్కని ఆ అమ్మాయే చెడగొట్టింది. కోర్సు ముగిసే ముందు నన్ను ఒక్కదాన్నే మెట్ల దగ్గరికి పిలిచి, "మీకు ఈ పని వచ్చని నాకు తెలుసండీ" అంది.

చేతులు పైట కిందికి లాక్కున్నాను. "రాదండీ" అన్నాను.

"పరీక్ష చేసేవారు వచ్చినప్పుడు, ఇదివరకు చేశానని మీ నోటితో మీరు చెబితే చాలండీ. కొత్త నిబంధనలో అవకాశం ఉంది. అక్కడికక్కడే గ్రేడరు పరీక్ష పెడతారు."

"నేను పని వచ్చినదాన్నయితే మీ సెంటరుకి నా లెక్క పోతుంది కదండీ?"

"పోతుందండీ."

"మరి మీకేంటండీ లాభం?"

ఆవిడ నా చేతుల వైపు చూసింది. "లాభం కాదండీ. మీరు కావాలని నెమ్మదిగా చేస్తుంటే చూడలేకపోతున్నాను" అంది.

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. తనకి నష్టం వచ్చే సలహా మనిషి మనిషికి ఎందుకిస్తుంది? అన్ని వైపులా తిప్పి చూశాను. నా నోటితోనే చేప మాట చెప్పించి రాసుకోవడానికేనా? ఎంత తవ్వినా అంతకన్నా కారణం దొరకలేదు. దొరక్కపోయేసరికి నాకు ఇంకా భయమేసింది.

పరీక్ష రోజు పొద్దున్న దారిలో మా ఆయనతో అన్నాను, "నేను చెప్పేస్తానండీ."

ఆయన బండి గట్టు మీదే ఆపేశారు. "అన్నయ్యేమంటాడో చూసుకున్నావా?"

"మీ అన్నయ్య తన వేళ్ళు నాకిస్తారా?"

కోపంలో వచ్చేసిన మాట. ఆయన వెనక్కి తిరిగి నా చేతుల వైపు చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అన్నగారి మాట జవదాటని మనిషి. "నీ ఇష్టం" అని బండి స్టార్టు చేశారు. ఆ రెండు మాటలకే నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష చేయడానికి వచ్చినాయన వేరే జిల్లా మనిషి, పెద్దవారు. నా వంతు రాగానే నిలబడి, "నేనీ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నానండీ" అన్నాను. వెనక మా ఊరావిడల ఊపిరి ఆగడం నాకు తెలిసింది.

"ఎక్కడమ్మా?"

"ప్యాకింగు షెడ్డులోనండీ."

చేప ఎక్కడిదని అడుగుతారు, తర్వాత చెరువెవరిదని అడుగుతారు. సమాధానాలు పళ్ళ బిగువున పట్టుకుని నిలబడ్డాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "మంచిది. అయితే గ్రేడరు పరీక్ష పెడదాం" అన్నారు. అంతే. ఇంకేమీ అడగలేదు. ఊరంతా ఇన్నాళ్ళు గోనెలు కప్పి దాచినది ఆయనకి అక్కర్లేదు. నాకు నవ్వు రాలేదు, చాలా కోపం వచ్చింది.

టేబుల్ మీద తల తీసేసిన శీలావతులు రెండు పెట్టారు. కంపెనీలో గ్రేడరు ముందుకి అలాంటి చేపే వస్తుందట, కళ్ళూ మొప్పలూ ఉండవు. "ఒకటి ఇవాళ్టిది, ఒకటి నిన్నటిది. నొక్కి చెప్పండమ్మా" అన్నారు. ఇంత సుళువైనదా అనుకున్నాను. షెడ్డులో ఇది చీకట్లో చెప్పేదాన్ని.

ఒకదాని వీపు మీద నొక్కాను. గుంట పడింది, లేచింది. రెండోది నొక్కాను. అదీ పడింది, లేచింది. కంటికి రెండూ ఒకటే. తేడా వేలికి తెలియాలి. నా వేలికి కర్రతో నొక్కినట్టుంది. చెయ్యి మార్చాను. కొంగుతో తుడుచుకుని, రుద్దుకుని, మళ్ళీ నొక్కాను. చల్లదనం కూడా తెలియలేదు.

క్లాసులో చేప జారిన రోజు నేను జారవిడిచానా, అదే జారిందా? ట్రేలో పేర్చడం ఆలస్యమైనప్పుడల్లా నేనే చేతిని ఆపుతున్నాననుకున్నాను. ఊరినీ, ఆఫీసుల్నీ, ఈ అత్తిలి అమ్మాయినీ, అందరినీ అనుమానించాను. నా వేళ్ళ మీద మాత్రం ఒక్కనాడూ అనుమానం రాలేదు.

"ఏదమ్మా ఇవాళ్టిది?" అన్నారు పెద్దాయన.

"కుడి పక్కదండీ" అన్నాను. ఆయన ఆ అమ్మాయి వైపు చూశారు. ఆవిడ మొహం వాడిపోయింది. గబగబా నా దగ్గరికి వచ్చి, ఆయనకి వినపడకుండా, "ఎందుకండీ? ఇప్పుడు కూడా రానట్టు చేస్తారేంటండీ? మీ వాళ్ళకి భయపడుతున్నారా?" అంది. అంటూ నా వేళ్ళు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆవిడ గోళ్ళు తెల్లబడడం చూసి తెలుసుకున్నాను.