ముగ్గులో పెరిగిన తొమ్మిది అంగుళాలు

బాన్సువాడ పక్కన కొత్త విశ్వవిద్యాలయం వాళ్లు అధ్యాపకులకు ఇళ్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు నన్ను పెద్దమేస్త్రిగా వేసుకున్నారు. నిజాంసాగర్ కాలువకు నీళ్లు బందైన ఎండాకాలమది. నేను చదివింది ఐదో తరగతి. అప్పటిదాకా కట్టినవన్నీ ఊరి ఇళ్లే.

ఇళ్ల నక్షా, అంటే ప్లాను, గీసిన మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. పునాది తవ్వకముందే ఒక ఇంటిని నేల మీద సున్నపు పొడితో అసలు కొలతకు గీయమంది. దాన్నే మేం ముగ్గు పోయడం అంటాం. అందులో ఉండబోయే వాళ్లను నడిపించి చూస్తానంది.

పిట్లం నుంచి ఒక లెక్చరర్, ఆయన భార్య సుజాతమ్మ వచ్చారు. ఆమె గీతల మధ్య వంటింట్లో నిలబడి అడిగింది.

“ఊర్లె ఇంటికాడికెల్లి ఏడాది బియ్యం వస్తయి మేడం. పది బస్తాలు ఏడ పెట్టాలె?”

మేడం కాగితంలో బస్తాలు లేవు. నేను పది సిమెంటు బస్తాలు తెప్పించి ఆ మూలకు పేర్చాను. సరిగ్గా పట్టాయి, సుజాతమ్మ తిరగడానికి జాగా కూడా మిగిలింది. అందరికీ సంతోషం. మేడం మాత్రం ఇంత జాగా ఉండకూడదే అని టేపు పట్టించింది. వంటిల్లు తొమ్మిది అంగుళాలు ఎక్కువ. మిగతా గదులూ అంతే.

“మేస్త్రీ, కొలత ఎక్కడి నుంచి పట్టారు?”

“గోడ లోపలి అంచుకెల్లి మేడం. మా ఊర్లె గట్లనే పడ్తం.”

నక్షా కొలత ఒక గోడ నడుమ నుంచి ఇంకో గోడ నడుమకు ఉంటుందట; రెండు పక్కలా సగం సగం గోడ, కలిపి తొమ్మిది అంగుళాలు, ఆ కొలతలోనే పోవాలట. నాకు తెలియదు. నా లెక్కన కడితే ఇల్లు మంజూరైన దానికన్నా పెద్దదవుతుంది. తాపీ సర్దుకుని ఇంటికి పోవడమే అనుకున్నాను.

అప్పుడు సుజాతమ్మ అంది: “మేస్త్రన్న చేసిన తప్పు మాకు మంచిగనే ఉన్నది. వంటింట్ల గా తొమ్మిది ఇంచులు మాత్రం వాపస్ తీసుకోకుండ్రి.”

మేడం నవ్వింది. సిమెంటు బస్తాల మీదే కూర్చుని లెక్క వేసింది. ఇంటి మొత్తం కొలత పెరగకుండా, హాలులో తొమ్మిది అంగుళాలు తగ్గించి వంటింటికి కలిపింది. సోఫా ఎలా పడుతుందని లెక్చరర్ సారు గునిసాడు.

“సోఫాల బియ్యం పోస్తరా?” అంది భార్య.

ముగ్గు చెరిపి, పొద్దుగూకేలోపు నడుమ కొలతతో మళ్లీ పోశాను. ఇళ్లన్నీ నా చేతనే కట్టించారు. ఆ తర్వాత ఏ పనికి పోయినా రెండు మాటలు అడగనిదే పొడి పట్టలేదు: కొలత ఎక్కడి నుంచి, ఇంట్లో ఉండేదెవరు.