ఇస్త్రీ చేసిన పాఠం

అప్పట్లో సాయమంటే నాకు తెలిసింది ఒక్కటే, ఎదుటివాళ్లు అడగకముందే చేసెయ్యడం. కోదాడలో ఒక సర్కారు బడిలో ఆయాగా కొత్తగా చేరాను. ఇరవై ఏళ్లుంటాయేమో, ఒంటినిండా హుషారు. (చదువు ఐదుతో ఆగింది. ఇట్లా కూర్చొని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.)

ఆ ఏడు సూర్యాపేట కాలేజీ నుంచి ఒక అమ్మాయి టీచరు ట్రైనింగ్ కోసం మా బడికి వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. రోజూ గరిడేపల్లి నుంచి బస్సులో వచ్చేది కాబట్టి అందరం గరిడేపల్లి టీచరమ్మ అనేవాళ్లం. వారం ఆఖర్న కాలేజీ మేడం వచ్చి, వెనక కూర్చొని ఆమె పాఠం వింటుందట. నచ్చకపోతే ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి. మా పెద్దసారు నన్ను పిలిచి, "ఆ పిల్లకేం కావాల్నో జర నువ్వే సూసుకో" అన్నాడు. ఇక చూడండి నా సాయం! గోడ లేని చోట కూడా "గోడ, గోడ" అంటూ చెయ్యి పట్టి లాగేదాన్ని. పక్కనే నిలబడి కూడా కేకలేసి మాట్లాడేదాన్ని. మూడో రోజు ఆమె మెల్లగా, "అక్కా, నాకు కండ్లే కనపడవ్. చెవులు మంచిగనే ఉన్నయ్" అంది.

ఆమె సంచిలో మందపాటి కాగితాలు కొన్ని ఉండేవి. ఒక్క అక్షరం లేదు, అంతా పొక్కులే, తట్టు పోసిన ఒళ్లులాగా. ఖాళీ దొరికితే చాలు, ఆ పిల్ల వాటిని వేళ్లతో నిమురుతూ కూర్చునేది. అయ్యో, ఎంత సాపు చేసుకున్నా పొక్కులు పోవడం లేదే అని నా ప్రాణం కొట్టుకునేది. పాఠానికి ముందురోజు సాయంత్రం ఆమె సంచి బడిలోనే ఉంచి వెళ్లింది. నేను కాగితాలు తీసుకొని ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి మామ దగ్గరికి పరుగెత్తాను.

"కాగితాలకు ఇస్త్రీ ఏందే? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"రేపు మా టీచరమ్మకు పరీక్ష మామా. జర బట్ట కప్పి గట్టిగ ఒత్తు."

పాపం, ఆయన కూడా మనసుపెట్టే చేశాడు. పెళ్లిపత్రికల్లాగా మెరిశాయి.

తెల్లారి టీచరమ్మ కాగితం మీద వేళ్లు పెట్టింది. ఆగింది. తిప్పి చూసింది. ఇంకోటి తీసింది.

"అక్కా, నా అక్షరాలేవి?"

"అక్షరాలేడివి టీచరమ్మా? పొక్కులుంటే ఇస్త్రీ చేపిచ్చిన."

"ఆ పొక్కులే అక్కా నా అక్షరాలు. వేళ్లతోని సదువుకుంట."

అప్పటికే కాలేజీ మేడం గేటు దగ్గర రిక్షా దిగుతోంది. పోయి చెప్పేస్తానంటే ఆమె నా కొంగు పట్టి ఆపింది. "ఇప్పుడు చెప్తే, కాగితం లేక చెప్పలేకపోయింది అంటరు. ఫస్టు పాఠం కానియ్యి."

పాఠం మన నదులు. ఆమె గొంతు సవరించుకుంది. వెనక బెంచీ నుంచి కరకరమని చప్పుడు. "ఆ జామకాయ మింగి లేచి రా నాయనా. నువ్వే మూసీ నదివి" అంది. క్లాసంతా గొల్లుమంది. నాలుగు రోజుల్లోనే ఒక్కొక్కరినీ గొంతును బట్టి పసిగట్టేసింది! పేరుపెట్టి పిలిచి, చేతులు పట్టించి, ఒక వరసను మూసీ చేసి సూర్యాపేట వైపు నుంచి నడిపించింది. ఇంకో వరసను కృష్ణ చేసింది. రెండూ మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కలవాలి. "అక్కా, వాడపల్లిలో నువ్వు నిలబడు" అంది. నా కుడిచెయ్యి మూసీ పట్టుకుంది, ఎడమచెయ్యి కృష్ణ పట్టుకుంది. ఆమె పిల్లల తలలు తాకుతూ, ఏ ఊరి దగ్గర నీళ్లు ఎట్లా మలుపు తిరుగుతాయో చెబుతూ నడిచింది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, కళ్లు రెండూ ఉన్నాయి, అయినా ఆ నదులను అప్పుడే చూశాను.

కాలేజీ మేడం లేచి, "నోట్సు సూపియ్యమ్మా" అంది. టీచరమ్మ నున్నటి కాగితాలు చాపింది. ఇక నేను ఆగలేక వాడపల్లి నుంచే అరిచాను. "తప్పు నాది మేడం! ఆమె అక్షరాలన్నీ నేనే ఇస్త్రీ చేపిచ్చిన!"

మేడం కాసేపు కాగితాల వైపు, కాసేపు మా నదుల వైపు చూసింది. "పాఠమంత గీడ నిలబడి ఉంటే, ఇగ కాగితాలతోని నాకేం పని?" అంటూ సంతకం పెట్టేసింది.

అప్పుడే పెద్దసారు గుమ్మంలోకి వచ్చి మండిపడ్డాడు. "టైమైపోయి ఎంతసేపైంది! గంట కొట్టుడు నీ పనే గదనే! ఏం చేస్తున్నవ్ గాడ?"

అప్పటి నన్ను, ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ముద్దొస్తుంది కూడా. రెండు చేతులూ రెండు నదులు పట్టుకొని ఉంటే, గంట ఎట్లా కొడుతుంది?