ధక్కా వద్దన్న సాయంత్రం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను కొనుక్కున్న పాత కారు ఒక సాయంత్రం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. కోచింగ్ పిల్లలు పరిగెత్తుకొచ్చి, "ధక్కా పెడతం అక్కా, స్టార్టయితది" అన్నారు. సిగ్గేసి నెట్టొద్దన్నాను. తర్వాత వచ్చిన మెకానిక్ టైమింగ్ బెల్టు తెగిందన్నాడు. కొన్ని ఇంజన్లకు ఏమీ కాదట, కొన్నిటికి లోపల వాల్వులు వంగిపోతాయట. విప్పితేగానీ చెప్పలేనన్నాడు. కొత్తది కొనడానికి తెగిన బెల్టునే నమూనాగా పట్టుకుని అమీర్‌పేట బస్సెక్కాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఒళ్లోని బెల్టు తీసుకుని, దాని పళ్ల మీద వేలు నడిపింది.

"తెగినంక బండి నూకిన్రా బిడ్డా?"

"లేదండీ, నెట్టనివ్వలేదు."

"అయితే జర ఆశున్నది. మా ఆయన కారుకు సుత గిదే తెగింది. గల్లీ జనమంత ఉరికొచ్చి గేరేసి నూకిన్రు. పిస్టన్లు పోయి వాల్వులకు గుద్దుకున్నయి. ఇంజన్ మొత్తం ఖరాబైంది."

"ఆయనకు కోపం రాలేదా?"

"ఎట్లొస్తది? పాపం, చెమటలు కారంగ నూకిన్రు. అందరికి చాయ్ తాపిండు."

దిగేటప్పుడు బెల్టు నా చేతిలో పెట్టింది. నల్లబడిన వేళ్లు చూసుకుని నవ్వుకుంది. తుడుచుకోలేదు.

నా ఇంజను బతికింది. ఆ కారు ఇప్పుడు లేదు. కానీ రోడ్డు మీద ఆగిన కారు వెనక జనం చేతులేస్తుంటే, ఇప్పటికీ అడ్డం వెళ్లి "ముందు బెల్టు చూడండి" అంటాను. ఈవిడెవరన్నట్టు చూస్తారు.

అప్పుడు అందరికీ చాయ్ చెబుతాను.