పాలలో చిటికెడు ఆకు

అమ్మ కడుపులో గడ్డ పెరుగుతున్న ఆ వేసవిలో నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తరవాత పరామర్శకు వచ్చినవాళ్లంతా తల్లికి చాకిరి చేసి చేసి పిల్ల సగమైందని జాలిపడ్డారు. నేను తల వంచుకుని విన్నాను. సగమైన మాట నిజమే. కానీ ఆ చాకిరిలోనే కొన్ని వారాలు నాకు అంతకుముందూ ఆ తరవాతా లేనంత హాయిగా గడిచాయి.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నాన్నను బాపు అని పిలిచేదాన్ని. బాపు గన్‌ఫౌండ్రీలో ఒక దఫ్తరులో మున్షీ, లెక్కలు రాసే పని. నా చదువు పూర్తయి ఇంట్లోనే ఉంటున్నాను. నా గొంతు చాలా చిన్నది. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు నేను పలికినా పంతులమ్మకు వినపడక తలెత్తి చూసేది. ఆబిడ్స్‌లో ఉండే ఒక స్నేహితురాలి దగ్గర నవలలు అరువు తెచ్చుకుని, నా చీరల మడతల్లో దాచుకుని, మధ్యాహ్నాలు చదువుకునేదాన్ని. రోజూ నాలుగు ముక్కలు డైరీలో రాసుకునేదాన్ని. ఇంట్లో మాత్రం నేను మాట్లాడేది తక్కువ. అమ్మ కూడా అంతే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ పూటంతా ఒక్క మాట అనుకోకుండా గడిపిన రోజులున్నాయి.

చలికాలంలో అమ్మకు అన్నం సయించడం మానేసింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కడుపు నొక్కి చూసి, గడ్డ పాకిపోయింది, కోసి లాభం లేదన్నాడు. నొప్పికి ఇచ్చిన మాత్రలు అమ్మకు ఇమడలేదు. వేసిన కాసేపటికే వాంతి. ఎండలు ముదిరేసరికి అమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

బాపు దఫ్తరులో ఎవరో ఒక హకీం సంగతి చెప్పారు. దర్గా దారిలో ఆయన ఇల్లు. టాంగాకు పరదా కట్టించి అమ్మను తీసుకుపోయాం. హకీంకు తెల్లటి గడ్డం, మందపాటి కళ్లద్దాలు. చాలాసేపు నాడి పట్టుకుని కూర్చున్నాడు. గుండెదడ ఉందా అని అడిగాడు. లేదన్నాం.

"ఖాందాన్‌ల ఎవరికన్న దిమాగ్ ఖరాబైందా?"

"నా తమ్మునికి. గాంజా తాగి" అన్నాడు బాపు గొంతు తగ్గించి.

"తమ్ముడు మీ ఖాందాన్. ఈమె పుట్టింది వేరే ఖాందాన్‌ల. ఆమె దిక్కున అడుగుతున్న."

అటు ఎవరికీ లేదు. హకీం తలాడించాడు. "మున్షీ సాబ్, జూట్ చెప్పను. గడ్డ కరగదు. భూక్ అయితది, నీంద్ వస్తది. గంతే."

ఆకలికీ నిద్రకూ ఆయన చెప్పిన మందు భంగు. గంజాయి చెట్టు ఆకే. ఆకు కడిగి, నీడలో ఎండబెట్టి, పొడి చేసి, సాయంత్రం ఏదైనా కొంచెం తిన్న తరవాత గోరువెచ్చటి పాలలో చిటికెడు కలిపి ఇమ్మన్నాడు. ఒక్కోసారి పని చేయడానికి చాలాసేపు పడుతుందట. "పని చేస్తలేదని గా పూటనే ఇంకో చిటికెడు ఎయ్యొద్దు బేటీ" అని నాతో ప్రత్యేకంగా చెప్పాడు.

బేగం బజార్‌లో సర్కారు లైసెన్సున్న ఠేకా దుకాణంలో ఆ ఆకు అందరూ కొనేదే. అయినా బాపు దాన్ని కాగితంలో చుట్టి, షేర్వాణీ లోపల పెట్టుకుని, దొంగసొత్తు మోసుకొచ్చినట్టు ఇంటికి తెచ్చాడు.

మొదట్లో ఏమీ తెలియలేదు. తరవాత ఒక సాయంత్రం అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "పచ్చిపులుసు చేస్తవా బిడ్డా? మిరపకాయలు నిప్పుల మీద కాల్చి ఎయ్యి" అంది. చింతపండు పిసుకుతూ ఉల్లిగడ్డ కోయడం మరిచిపోయాను. అమ్మ అన్నంలో పోసుకుని తిన్నది, మళ్లీ కొంచెం పెట్టమన్నది. బాపు అప్పుడే దఫ్తరు నుంచి వచ్చి, తల మీద రూమీ టోపీ తీయడం కూడా మరిచి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అమ్మ ఆయన వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంది?" అన్నాడు బాపు.

"మీ టోపీకున్న కుచ్చు జూస్తుంటే టాంగా గుర్రం తోక యాదికొస్తున్నది."

"గుర్రం లెక్కనే గద పొద్దస్తమానం ఉరుకుతున్న" అని బాపు కూడా నవ్వాడు. వాళ్లిద్దరూ అట్లా మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు.

నొప్పి పోయిందా అని అడిగితే అమ్మ ఆలోచించి చెప్పింది. "పోలేదు. ఉన్నది. గని పక్కింట్ల ఉన్నట్టున్నది."

ఆ ఆకు అన్నీ మంచే చేసిందని నేను అనను. అమ్మ నోరు పిడచకట్టుకుపోయేది. కళ్లు ఎర్రబడేవి. చెప్తూ చెప్తూ మధ్యలో మాట మరిచి నా ముఖం చూసేది. ఒకసారి లేచి నిలబడగానే కళ్లు తిరిగి తూలింది. నేను పట్టుకోబట్టి సరిపోయింది గాని లేకపోతే గడప మీద పడేదే. అప్పటి నుంచి ఆకు వేసిన పూట అమ్మను ఒంటరిగా లేవనిచ్చేదాన్ని కాదు. కానీ రాత్రులు పడుకునేది. పొద్దున ఆ ముఖంలో నిద్రపోయిన మనిషి తేటదనం కనపడేది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది. "నీ చీరలల్ల ఏం దాస్తున్నవే?"

"పుస్తకం."

"ఎప్పటి సంది దాస్తున్నవు?"

నేను పాల గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"తియ్యి మరి. చదువు. నాకు రాదు గద."

ఇంట్లో నేనెప్పుడూ పైకి చదవలేదు. తల దించుకుని మొదలుపెట్టాను. అమ్మ రెండు వాక్యాలు విని, "దోమ గుయ్యిమన్నట్టున్నది. జర గట్టిగ" అంది. కొంచెం పెంచాను. "ఆఁ. గట్ల."

అందులో ఒక పిల్ల ఉంటుంది. తనను ప్రేమించినవాడు ఉత్తరాలు రాయడం మానేస్తే, వానలో పడవెక్కి అతని ఊరికి బయలుదేరుతుంది. అమ్మకు ఆ పిల్ల మీద మహా కోపం.

"వానల పడవెక్కుతదా? బుద్ధున్నదా దానికి?"

"వానికి పెండ్లయిందని దానికి తెల్వదమ్మా."

"నీకెట్ల తెల్సు?"

"ముందల వచ్చే పేజీలు చూసిన."

"దొంగ" అంది అమ్మ. "నాకు చెప్పకు. వరసగ చదువు."

రోజూ సాయంత్రం పాలు, కొంచెం అన్నం, రెండు మూడు పేజీలు. అంతకంటే ఎక్కువ వింటే అమ్మకు కథ కలగాపులగమయ్యేది. ఆ పిల్లను తిడుతూ తిడుతూ తన సంగతులు చెప్పేది. పెళ్లయి వచ్చిన కొత్తలో రైలు కూత విన్నప్పుడల్లా పుట్టింటికి పోయే బండి అదేనేమో అనుకునేదట. ఇన్నేళ్లుగా ఆ కూతలు ఇద్దరం కలిసి విన్నాం. ఆమె వాటిలో ఏం వినేదో అప్పటిదాకా నాకు తెలియలేదు. నేను సంతోషంగా ఉన్నానన్నది అందుకే.

ఎండాకాలం చివర్లో ఊరి నుంచి బాపమ్మ వచ్చింది. బాపుకు తల్లి. మడి ఆచారం గట్టిగా పట్టే మనిషి. వచ్చిన రోజే ఆకు పొడి డబ్బా మూత తీసి వాసన చూసింది.

"నా చిన్నకొడుకును తిన్నది గిదే."

మా చిన్నాయన సంగతి ఇంట్లో ఎవరూ పైకి ఎత్తేవారు కారు. పదహారేళ్ల వయసులో ఊరి బయట బైరాగుల దగ్గర కూర్చుని చిలుం పీల్చడం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో పాటలు పాడేవాడట. తరవాత స్నానం మానేశాడు. ఆ తరవాత బావిలో ఎవరో విషం కలిపారని నీళ్లు తాగడం మానేశాడు. చిలుం మాన్పించి ఏళ్లు గడిచినా, కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కుకుని చీకటి గదిలోనే ఉండేవాడు.

"వాడు పోరడప్పటి సంది దినాం తాగిండమ్మా. ఇది మందు" అన్నాడు బాపు.

"మందని నువ్వంటున్నవు. వాడు గూడ గట్లనే అన్నడు."

ఆ సాయంత్రం బాపమ్మ దూరంగా కూర్చుని అమ్మనే చూసింది. అమ్మ పాలు తాగింది. చాలాసేపటికి, "అత్తమ్మా, మీరు తెచ్చిన చింతకాయ తొక్కు జర ఏస్తరా?" అని అడిగింది. బాపమ్మ లేచి తొక్కు వేసింది. అమ్మ తింటున్నంతసేపూ అక్కడే నిలబడింది. మర్నాటి నుంచి డబ్బా మాట ఎత్తలేదు. పాలు తనే కాచి ఇచ్చేది, పొడి మాత్రం నన్ను కలపమనేది.

తొలి ఏకాదశి వచ్చింది. అమ్మ ఉపవాసం ఉంటానని పట్టుపట్టింది. బాపమ్మ తెల్లవారే తలస్నానం చేసి మడి కట్టుకుంది. పండుగ పూట బజారు నుంచి వచ్చిన పొడి, ఎవరెవరి చేతులు తగిలిందో, దేవుడి ఇంట్లో ఎట్లా వాడడం? మాన్పిస్తే కోడలు నొప్పితో మెలికలు తిరుగుతుంది. బాపమ్మ వంటింటి గడప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, తనకు తెలిసిన దారి పట్టింది. నెయ్యిలో వేగినదానికి అంటు లేదు. మూకుడులో నెయ్యి కాచి, నా చేత ఆకు పొడి పోయించి, సన్నసెగ మీద వేయించింది. ఆ రోజు చేసే పేలాల పిండిలో ఆ నెయ్యి పోసి, బెల్లం కలిపి ఉండలు కట్టి దేవుడి ముందు పెట్టింది. కొడుకును తిన్నదన్న ఆకును తన చేత్తోనే కోడలికి ప్రసాదం చేసింది.

పేలాల పిండి ఉపవాసంలో తినొచ్చు. అమ్మ ఖాళీ కడుపుతో ఒక ఉండ తిన్నది. బయట ముసురు. చాలాసేపు గడిచింది.

"ఆకలి గాలేదా పిల్లా?" అంది బాపమ్మ.

"కాలేదత్తమ్మా."

"గింత ఉండ ఏం సరిపోతది. ఇంకోటి తిను, ప్రసాదమే గద."

అమ్మ రెండోదీ తిన్నది. ఆ పూటనే ఇంకో చిటికెడు వేయొద్దన్న హకీం మాట నాకు తట్టనే లేదు. బాపమ్మకూ నాకూ అప్పటికి అది మందు కాదు, పేలాల పిండి.

మధ్యాహ్నం నేను నీళ్ల బిందెతో లోపలికి వచ్చేసరికి అమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని గోడ మూలకు ముడుచుకుని ఉంది. నన్ను చూసి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"అత్తమ్మా, వాకిట్ల ఎవరో నిలబడ్డరు. పంపెయ్యుండ్రి."

"అమ్మా, నేను."

"ఎవరామె? ఎందుకొచ్చింది? పొమ్మనుండ్రి."

నేను బిందె దింపి ఒక అడుగు వేశాను. అమ్మ అరవలేదు. ఇంకా మూలకు ఒదిగి, కనపడకుండా చేయమని గోడను బతిమాలుతున్నట్టు గొణిగింది. బాపమ్మ కింద కూలబడిపోయింది. "గిట్లనే. వాడు గూడ గిట్లనే" అంటూనే ఉంది.

బాపు హకీంను టాంగాలో తీసుకొచ్చాడు. ఆయన తలుపులు తెరిపించి, గదిలోకి వెలుతురు రానిచ్చి, భయపెట్టకుండా ఎవరో ఒకరు పక్కన కూర్చోండి, దిగిపోతుందన్నాడు. జరిగింది విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నెయ్యిల ఏయించిన్రా? పాలల్ల ఏస్తే అణా పని చేస్తది. నెయ్యిల కాగితే పదహారణాలు. నాకు చెప్పాలె అని తోచలేదు."

తలుపు వెనక బాపమ్మ వింటోంది. మర్నాటికి అమ్మ మామూలు మనిషైంది. కొన్నాళ్లు ఆగి సగం చిటికెడుతో మళ్లీ మొదలుపెట్టమన్నాడు హకీం. అమ్మ వద్దంది. బాపు బతిమాలాడు. నేను పాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అమ్మ గ్లాసు పక్కకు పెట్టించి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నిన్ను బయటికి పంపమన్ననట గద."

"తెల్వక అన్నవు."

"గదే. తెల్వలేదు. నిన్ను గుర్తువట్టకుంటే ఆకలెందుకు బిడ్డా నాకు? నొప్పి నాదే గద. నేను పడ్త."

పక్కింటి నొప్పి మా ఇంటికి తిరిగొచ్చింది. మొదట పచ్చిపులుసు పోయింది, తరవాత జావ పోయింది, చివరికి నీళ్లూ చెంచాతోనే. బాపమ్మ ఊరికి తిరిగిపోయే ముందు అమ్మ పాదాలకు నూనె రాసింది. అత్త కోడలి కాళ్లు పట్టడం ఏమిటని అమ్మ కాళ్లు ముడుచుకోబోయింది గాని, అంత ఓపిక లేదు. బాపమ్మ తరవాత ఏ తొలి ఏకాదశికీ పేలాల పిండి చేయలేదు.

సగం చిటికెడుతో అమ్మ ఇంకో రెండు నెలలు తిని, పడుకుని ఉండేదేమో. లేక మళ్లీ నన్ను ఎవరో అనుకునేదేమో. ఎవరినడిగినా చెప్పలేకపోయారు. ఊళ్లో చిన్నాయన ఇప్పటికీ కిటికీలు తీయడు. మా వంటింట్లో నిప్పుల మీద మిరపకాయ కాల్చినప్పుడల్లా అమ్మ నవ్వు వినపడుతుంది. రెండూ ఒకే చెట్టు నుంచి వచ్చాయి.

బతుకమ్మ రోజులు వచ్చాయి. సందులో ఆడపిల్లలు తంగేడు పూలు పళ్లేల్లో పెట్టుకుని పోతున్నారు. దవాఖాన నుంచి ఒకాయన వచ్చి నొప్పికి సూది వేసి పోయేవాడు. అమ్మ ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉండేది. నేను నవల చదవడం మానలేదు. ఆ పిల్లను తిట్టేవాళ్లు మాత్రం లేరు. ఆ మధ్యాహ్నం చివరి అధ్యాయానికి వచ్చాను. పడవ దిగి, తడిసిన చీరతో, ఆ పిల్ల అతని వాకిట్లోకి వచ్చి తలుపు తట్టబోతోంది. అమ్మ ఊపిరి నెమ్మదిగా ఉంది. నిద్రపోయిందనుకుని గొంతు తగ్గించాను. అమ్మ వేలు నా మోకాలి మీద కదిలింది. కళ్లు తెరవలేదు.

"జర గట్టిగ చదువు బిడ్డా. ఇనబడ్తలేదు."