రాహుకేతువులు దిగిపోయిన ఇంజిన్

నా చిన్నప్పుడు బళ్లారి గాంధీనగర్‌లో మా పక్కింటాయన వరండాలో ఒక విమానం ఇంజిన్ ఉండేది. యుద్ధం నాటి తుక్కులో కొన్నాడట. మధ్యలో ఇరుసు, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లా తొమ్మిది సిలిండర్లు. దానికున్న ఒక్క మర విప్పడం కూడా ఆయనకు రాదు. కానీ ప్రతి శనివారం కుంకుమ పెట్టి, హారతిచ్చి, వచ్చినవాళ్లందరికీ దాని మహిమ చెప్పేవాడు. పైన పటారం లోన లొటారం అంటారే, ఆ మాట ఆయన కోసమే పుట్టింది.

ఆయన లెక్కలో ఆ తొమ్మిదీ నవగ్రహాలు. లోపల ఒక పెద్ద కడ్డీకి మిగతా ఎనిమిది కడ్డీలూ తగిలించి ఉంటాయి కాబట్టి ఆ పెద్దది సూర్యుడు. మన మునులు ఎప్పుడో చెప్పిన గుట్టును దొరలు ఎత్తుకుపోయి విమానం చేసుకున్నారని ఆయన చెప్తుంటే వీధి వీధంతా తలలూపేది. అందరికంటే గట్టిగా ఊపేవాడు మా నాన్న. గొర్రెల మందలో ముందు నడిచే గొర్రె ఆయనే అని చెప్పడానికి నాకిప్పుడు మొహమాటం లేదు.

ఆ తలూపడం మా ఇంటి మీదికే వచ్చింది. అక్క పదో తరగతి ప్యాసై, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంది. నాన్న పోయి పక్కింటాయనను అడిగాడు. ఆడపిల్ల ఇంజిన్ మీద చెయ్యి వేస్తే గ్రహాలు తిరగబడతాయని, ఇంటికి అరిష్టమని ఆయన తేల్చేశాడు. చదువు లేదన్నాడు నాన్న. అక్క అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు కురుగోడు నుంచి మా మేనత్త దిగింది. అక్కడి హైస్కూల్లో సైన్సు చెప్పేది. పెద్ద గొడవ జరుగుతుందనుకున్నాం. ఆమె బొరుగుల ఉండల డబ్బా పట్టుకుని పక్కింటికి నడిచి, ఆ ఇంజిన్ ముందే మమ్మల్ని ఆరుగురు పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. నాన్ననూ, ఆ మహానుభావుణ్నీ చూడమంది. ఒకరికి ఉండ ఇచ్చి, పక్కవారిని వదిలి, ఆ తర్వాతివారికి ఇస్తూ పోయింది. రెండో చుట్టులోనూ ఉండలు ఆ ముగ్గురికే అందాయి. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి, నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఒకణ్ని లేపేసి మళ్లీ అలాగే పంచింది. ఈసారి రెండు చుట్లు తిరిగేసరికి ఐదుగురికీ తలా ఒకటి వచ్చింది.

ఇంజిన్‌లోనూ ఇంతేనంది అత్త. ఇరుసు రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరూ ఒక్కసారి మండాలట. ఒకటి వదిలి ఒకటి మండుతూ పోతేనే కుదుపు లేకుండా తిరుగుతుందట. అందుకే గుండ్రంగా ఉన్న ఒక్కో వరసలో సిలిండర్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయట. గుండ్రంగా పేర్చడం కూడా అన్నిటికీ గాలి తగిలి చల్లబడాలని, నీళ్ల బరువు మోయకుండా ఎగరాలని. అంతా చెప్పి పక్కింటాయన వైపు తిరిగింది.

"ఏమప్పా, ఐదు సిలిండర్లవి ఉండాయి, ఏడు సిలిండర్లవీ ఉండాయి. ఆ ఏడింట్లో రాహుకేతువుల్ని యాడ దించేసినారు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అవి తెల్లోళ్ల ఇంజిన్లమ్మా."

"మరి ఇదేమన్నా కురుగోడు సంతలో చేసినారా?"

నాన్న నవ్వాడు. ఆపుకుందామని చూసి ఇంకా ఎక్కువ నవ్వాడు. ఇన్నాళ్లూ భయపడిన మనిషి ఎదుటే నవ్వేశాక, మళ్లీ భయపడటం ఆయన వల్ల కాలేదు. ఇంటికొచ్చి అక్క మంచం పక్కన నిలబడి, "లెయ్ బిడ్డా, అత్తను వెంటబెట్టుకోని పోయి చేరిపో," అన్నాడు.

ఆ పక్కింటాయన పోయి చాలాకాలమైంది గానీ ఆయన జాతి అంతరించలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే నా ఫోన్ నిండా వాళ్ల మెసేజీలే. వాటితో వాదన దండగ. మా ఇంట్లో ఎవరైనా ఆ కూతలు నమ్మి ఆడపిల్లను వెనక్కి లాగితే మాత్రం, నేను బొరుగుల ఉండల డబ్బా దించుతాను. ఖాళీ చేతులతో ఎవరు మిగులుతున్నారో ముందు చూడమంటాను.